అడిగినప్పుడు దాచకుండా, అదను చూసి దూరకుండా

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ముందు తిరిగి చెబుతాను, తప్పుంటే దిద్దండి. మీరు కావలి దగ్గర ఒక రొయ్యల మేత కంపెనీ ల్యాబులో పనిచేస్తున్నారు. వినాయక చవితి మరునాడు, పక్క బల్ల దగ్గర పనిచేసే అక్క ఉండ్రాళ్ల డబ్బా తెచ్చి మీ ముందు మూత తీసింది. మీరు వద్దన్నారు. ఎందుకు వద్దని ఆమె అడిగితే కడుపు బాగాలేదని అబద్ధం చెప్పారు. ఆ రాత్రి, యేసు శిష్యుడైన పేతురులాగా ప్రభువును ఎరుగనని బొంకినట్టయిందే అని మీకు నిద్ర పట్టలేదు. మరోపక్క, మీ యవ్వనస్థుల కూడికను నడిపించే అన్న ఊరి నడిబొడ్డున మైకు పట్టుకుని ఇతరుల దేవతలను ఎగతాళి చేస్తుంటే మీకు తలవంపులుగా ఉంటుంది. అయినా ఆయనకున్న ధైర్యం నాకు లేదే అన్న బెంగ కూడా ఉంది. ధైర్యమూ వినయమూ ఒక్క మనిషిలో ఎట్లా ఇముడుతాయి అని మీరు అడిగారు.

నేను కందుకూరు ప్రాంతంవాణ్ణి. ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో పనిచేసి రిటైరయ్యాను. అంతకంటే ఎక్కువ కాలంగా మా సంఘంలో సండే స్కూలు చెబుతూ, పాస్టరు అయ్యగారు ఊళ్లో లేని ఆదివారాల్లో వాక్యం చెబుతూ వస్తున్నాను. వేదాంత కళాశాలలో చదివినవాణ్ణి కాను. ఈ విషయంలో మీరు చేసిన తప్పూ, ఆ అన్న చేస్తున్న తప్పూ రెండూ చేసి ఉన్నాను గనుక, ఆ అనుభవం మీద మాత్రమే ఈ సమాధానం రాస్తున్నాను.

మీరే పేతురు పేరెత్తారు కాబట్టి, తోటలో యేసును పట్టుకున్న ఆ రాత్రిని మొత్తంగా చూద్దాం. యోహాను సువార్త 18వ అధ్యాయం పదో వచనంలో పేతురు కత్తి దూసి ప్రధానయాజకుని దాసుడైన మల్కు చెవి నరికాడు. పదిహేడో వచనానికి వచ్చేసరికి, వాకిట కాపలా ఉన్న ఒక పనిపిల్ల వేసిన చిన్న ప్రశ్నకు బెదిరిపోయి కాదన్నాడు. కత్తి దూసిన చేయీ, బొంకిన నోరూ ఒక్క మనిషివే, అదీ ఒక్క రాత్రిలోనే. మీరు మీకూ ఆ అన్నకూ మధ్య ఎంతో దూరం ఉందనుకుంటున్నారు గాని, నాకంత దూరం కనిపించడం లేదు. తోటలో పేతురు ప్రభువును తానే కాపాడాలనుకున్నాడు, చలిమంట దగ్గర తనను తాను కాపాడుకోవాలనుకున్నాడు. రెండు చోట్లా ఎదుట నిలబడిన మనిషి ఆయన కంటికి ఆనలేదు. మీ ఊళ్లో మైకు ముందు నిలబడి వినేవాళ్లూ, డబ్బా పట్టుకుని నిలబడిన అక్కా కూడా అట్లాగే కంటికి ఆనకుండా పోయారని నా అనుమానం.

ఆ పేతురు తరువాత రాసిన మొదటి పత్రికలో, అంటే ఉత్తరంలో, 3వ అధ్యాయం 15వ వచనాన్ని మన సంఘాల్లో పిల్లలచేత కంఠస్థం చేయిస్తాం. ‘సమాధానము చెప్పుటకు ఎల్లప్పుడు సిద్ధముగా’ అన్నచోట గొంతు పెంచుతాం, ‘సాత్వికముతోను భయముతోను’ అన్నచోట మాత్రం ఎందుకో తగ్గిపోతాం. ఆ వచనాన్ని నిదానంగా చదివితే అందులో సమాధానం చెప్పవలసింది ‘అడుగు ప్రతివానికి’ అని ఉంది, అంటే ముందు అడిగేవారు ఒకరుండాలి. చెప్పవలసింది ‘మీలో ఉన్న నిరీక్షణను’, అంటే మనకున్న ఆశను గురించి, ఎదుటివారిలో ఉన్న లోపాల గురించి కాదు. ఇక సాత్వికం అనే మాట మనకు కొండమీది ప్రసంగం నుంచి తెలుసు, మన హిందూ మిత్రులకు గీతలోని మూడు గుణాల నుంచి తెలుసు. అర్థాలు సరిగ్గా ఒకటి కాకపోయినా ఇద్దరి చెవికీ ఇంపైన మాటే. ఆ ‘భయము’ దేవుని పట్ల భయమా, ఎదుటివారి పట్ల మర్యాదా అన్నది వ్యాఖ్యాతలు రెండు విధాలా చెబుతారు. మనుషులకు బెదిరిపొమ్మని మాత్రం కాదు, ఎందుకంటే ఆ పై వచనంలోనే ‘వారి బెదరింపునకు భయపడకుడి’ అని ఉంది.

ధైర్యం సంగతి కూడా చెప్పాలి. అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో పేతురు యోహానుల ధైర్యాన్ని చూసి పెద్దలు ఆశ్చర్యపడ్డారని చదువుతాం. అక్కడ గ్రీకులో ఉన్న మాట పర్రేసియ. పౌరుడు సభలో నిలబడి దాపరికం లేకుండా, ఉన్నది ఉన్నట్టు మాట్లాడడాన్ని గ్రీకులు ఆ మాటతో చెప్పేవారు. గట్టిగా మాట్లాడడం వేరు, దాచకుండా మాట్లాడడం వేరు, మనవాళ్లు ఈ రెండింటినీ కలిపేసుకున్నారు. నేను ఇన్నేళ్లలో గ్రహించింది ఇంతే: ఒకరు అడిగినప్పుడు దాచకపోవడం ధైర్యం, ఒకరు మన చేతికి చిక్కినప్పుడు ఆ అదను వాడుకోకపోవడం వినయం. ఈ రెండూ ఎక్కడా ఒకదానికొకటి అడ్డు రావు, తక్కెడలో పెట్టి తూచుకోవలసిన అవసరమూ లేదు.

అడిగినదానికి జవాబు చెప్పడం వినడానికి సులువు. అది ఎంత కష్టమో 1991లో కనిగిరి వైపు ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నప్పుడు నాకు తెలిసివచ్చింది. మా హెడ్మాస్టరు గారు శ్రీవైష్ణవులు, రోజూ నామం పెట్టుకుని బడికి వచ్చేవారు. ఆ వేసవిలో మా నాయన చనిపోతే ఆయన రెండు బస్సులు మారి మా ఊరికి వచ్చి, సమాధి దగ్గర ఎండలో చివరిదాకా నిలబడ్డారు. బడి తెరిచిన తరువాత ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో మేమిద్దరమే ఉన్నాం. ఆయన హాజరు పట్టీ చూస్తూ చూస్తూ కలం ఆపి, “మాస్టారూ, మీ నాయన్ని పూడ్చేటప్పుడు మీవాళ్లంతా పాటలు పాడినారు, మీరు గూడా పాడినారు. అదెట్టా పాడగలిగినారు?” అని అడిగారు.

నాకప్పుడు ముప్పై ఏళ్లు. సువార్త చెప్పే అవకాశం దొరికిందని ఒళ్లు పొంగింది. అంతకుముందు నెలలోనే ఒక శిక్షణ తరగతికి వెళ్లివచ్చి ఉన్నాను, అక్కడ నేర్పిన వాదనలు వరుసగా నోటికి ఉన్నాయి. 115వ కీర్తనతో మొదలుపెట్టాను. విగ్రహాలకు నోరుండియు పలుకవు, కన్నులుండియు చూడవు అని చెప్పి, అక్కడినుంచి అవతారాల మీదికి, ఆ తరువాత ఇంకెక్కడికో వెళ్లాను. ఇరవై నిమిషాలు ఏకధాటిగా మాట్లాడాను. ఆయన ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. గంట కొట్టగానే కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకుని, “సరే మాస్టారూ” అని లేచి వెళ్లారు.

వారం తరువాత బడి అటెండరు మాటల మధ్యలో చెప్పాడు. హెడ్మాస్టరు గారి భార్యకు గర్భసంచి క్యాన్సరట, ముదిరిపోయిందట. ఆయన రోజూ మధ్యాహ్నం ఇంటికి వెళ్లేది తినడానికి కాదు, ఆమెకు తినిపించడానికట. రెండేళ్లుగా ఒకే గదిలో కూర్చుంటూ నేను ఆ సంగతి ఎన్నడూ అడగలేదు. ఆయన నన్ను అడిగింది విగ్రహాల గురించి కాదు, చావు ఎదురైనప్పుడు మీరు ఎట్లా నిలబడ్డారని. ఖచ్చితంగా పేతురు రాసిన ఆ ‘నిరీక్షణ’ గురించే అడిగారు. జీవితంలో నన్ను ఎవరైనా ఆ వచనంలో ఉన్న ప్రశ్నను ఉన్నదున్నట్టు అడిగారంటే ఆయనొక్కరే. నేను మాత్రం ఆ ప్రశ్నను వదిలేసి, ఎవరూ వేయని ప్రశ్నకు జవాబు చెప్పాను.

ఆ తల్లి కార్తీకంలో పోయారు. నేను వెళ్లి అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి ఆయనే, “ఆ రోజు అడిగింది ఇప్పుడు చెప్పండి” అన్నారు. నేను చెప్పింది ఇంతే: “పాడకపోతే ఏడుపు ఆగదని పాడినాను సార్. మా నాయన మళ్లీ కనపడతాడని, యేసు లేచినాడు గాబట్టి ఆయన గూడా లేస్తాడని నమ్ముతున్నాను. నమ్ముతున్నా గాని, ఆ రాత్రి ఇంటికొచ్చి గడప దగ్గర ఆయన చెప్పులు చూసి ఏడ్చినాను.” ఆయన తల ఊపారు. అంతకు మించి ఏమీ జరగలేదు. ఆయన చివరిదాకా తన సంప్రదాయంలోనే ఉన్నారు, రిటైరైన తరువాత కూడా ఏటా క్రిస్మస్‌కు నాకు ఒక కార్డు ముక్క రాసేవారు. దీన్ని ఎవరో మారిన కథగా నేను సంఘంలో సాక్ష్యం చెప్పలేను. అయితే నా మొత్తం జీవితంలో సువార్త సరిగ్గా చెప్పింది ఆ అరుగు మీదే అని నమ్ముతాను.

పుట్టుగుడ్డివాడి కథ మీకు తెలుసు, యోహాను 9వ అధ్యాయం. పరిసయ్యులనే యూదు మతపెద్దలు నిలదీసినప్పుడు అతను తనకు తెలియనిదాన్ని తెలియదన్నాడు, తెలిసిన ఒక్కటీ దాచలేదు: గుడ్డివాణ్ణి, ఇప్పుడు చూస్తున్నాను. సమాజమందిరం నుంచి వెలివేసినా మాట మార్చలేదు. మన సువార్తికుల్లో ఎక్కువమందికి ‘తెలియదు’ అనే మాట నోట రాదు, అది వస్తే విశ్వాసం తగ్గిందనుకుంటారేమో అని జంకు. మీ ల్యాబులో ఎవరైనా, సునామీలో పసిపిల్లలు ఎందుకు పోయారని అడిగితే, నాకు తెలియదని చెప్పడానికి కూడా కొంత గుండె కావాలి.

ఇప్పుడు మైకు అన్న సంగతి. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు, నేనూ ఆ వయసులో అట్లాగే ఉన్నాను గనుక తీర్పు తీర్చను. కానీ ఆయన ఉదాహరణగా చూపేది తొలినాటి సువార్తికుడు పౌలునైతే, పౌలు ఎఫెసులో ఏం చేశాడో ఒకసారి చదవమనండి. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో అర్తెమిదేవి గుడి నమూనాలు చేసి అమ్ముకునే కంసాలి దేమేత్రి, పౌలు బోధ మీద లేవదీసిన అల్లరిని సద్దుమణిగించింది ఆ పట్టణపు అధికారి. మన తెలుగు బైబిలు ఆయనను కరణం అని పిలుస్తుంది, ఆ మాట నాకెప్పుడు చదివినా మన ఊరి చావడిని గుర్తుకు తెస్తుంది. ఆ కరణం క్రైస్తవుడు కాడు. జనం ఈడ్చుకొచ్చిన పౌలు తోటివాళ్ల గురించి ఆయన అన్నది ఏమిటంటే, ఈ మనుషులు గుడి దోచినవారు కారు, మన దేవతను దూషించనూ లేదు అని. రెండేళ్లకు పైగా ఆ ఊళ్లో పగలనక రాత్రనక సువార్త చెప్పిన తరువాత, అర్తెమిదేవి భక్తుల ఊరి అధికారి ఇచ్చిన యోగ్యతాపత్రం అది. పౌలు తన మాట దాచుకోలేదు, దాచుకుని ఉంటే అల్లరే జరిగేది కాదు. అయినా ఆయనవాళ్లు దూషించలేదని బయటివాడు సాక్ష్యమిచ్చాడు. మీ అన్న గురించి మీ ఊరి సర్పంచి అట్లా చెప్పగలడా?

ఇంకొక చిన్న సంగతి: మనలో మనం వాడుకునే మాటలు బయటికి పొరపాటున దొర్లుతుంటాయి. ‘అన్యులు’, ‘చీకటిలో ఉన్నవారు’, ‘లోకస్థులు’ అని ప్రార్థనలో వాడీ వాడీ, పక్కింటివాళ్ల ముందు కూడా అనేస్తాం. కూడికకు పిలిచిన ఇరుగమ్మ అరుగు మీద కూర్చుని ఉండగా, అన్యుల కళ్లు తెరువు ప్రభువా అని మైకులో ప్రార్థించడం నేను చూశాను. ఆమె మళ్లీ రాలేదు.

చట్టం విషయం క్లుప్తంగా చెబుతాను. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించడానికి, ఆచరించడానికి, ప్రచారం చేయడానికి ప్రతివారికీ హక్కునిచ్చింది, అయితే శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం అనే హద్దులు పెట్టింది. ప్రచారం చేసే హక్కంటే ఇంకొకరిని మార్చే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. దీన్ని చూసి మనవాళ్లు నొచ్చుకుంటారు గాని, మనుషుల్ని మార్చేది మనం కాదని మన సిద్ధాంతమే చెబుతున్నప్పుడు నొచ్చుకోవలసిందేముంది? మన రాష్ట్రంలో 2007లో వచ్చిన చట్టం ప్రకారం, ప్రభుత్వం ప్రకటించిన ఆరాధనా స్థలాల్లో వేరే మతాన్ని ప్రచారం చేయకూడదు. తిరుమల వెళ్లే దారిలో కరపత్రాలు పంచుదామనే ఉత్సాహవంతులు దీన్ని తెలుసుకోవాలి. ఒకరి మత విశ్వాసాలను కావాలని అవమానించడం ఎట్లాగూ నేరమే. మీ అన్న మైకులో అనే మాటలు ఆ గీత దాటుతున్నాయో లేదో ఆయన ఒక వకీలును అడిగి చూసుకోవడం మంచిది.

అదను వాడుకోకపోవడం గురించి చెప్పడానికి మనం దూరం పోనక్కరలేదు, ఒంగోలు చరిత్రలోనే ఉంది. 1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువులో జనం ఆకులు అలములు తిని రోడ్ల పక్కన రాలిపోతుంటే, ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కంట్రాక్టుగా తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. కాలువ గట్టున ఆయన బోధకులే మేస్త్రీలు. పని ఆగినప్పుడు వాళ్లు కూలీల మధ్య కూర్చుని యేసు మాటలు చెప్పేవారు. బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులు గుంపులుగా అడిగారు. ఆయన ఇవ్వలేదు. చేతిలో కూలి డబ్బు ఉన్నంతకాలం ఒక్కరికీ ఇవ్వనని, పదిహేను నెలల దాకా ఆపాడు. సహాయం పంచడం ముగిసిన తరువాతే, వచ్చినవాళ్లను విచారించి తీసుకున్నాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారన్నది మనవాళ్లందరూ గర్వంగా చెప్పుకునే అంకె. దానికి ముందున్న ఆ పదిహేను నెలల ‘ఇవ్వను’ను మాత్రం ఎవరూ చెప్పుకోరు. నాకు ఆ అంకె కంటే ఈ నిరాకరణే పెద్దదిగా తోస్తుంది. అంతచేసినా అన్నం కోసం మతంలో కలిశారన్న నింద తప్పలేదు. కరువులో ఆదుకున్నారన్న కృతజ్ఞతతో వచ్చినవాళ్లు ఆ వేలల్లో లేరని నేనూ అనలేను.

ధైర్యం మాటకు వస్తే అది దొరది కాదు, ఆ పల్లెల్లోని మాదిగ విశ్వాసులది. ఆదివారం పని చేయము, చచ్చిన గొడ్డు మాంసం తినము, విగ్రహాలకు మొక్కము అని మూడు నియమాలు పెట్టుకున్నారు. జాతరలో డప్పు కొట్టమంటే చేతులు జోడించి కాదన్నారు. బావులు మూతపడ్డాయి, కూలి ఆగింది, దెబ్బలు తిన్నారు. ఊరిమీద ఆధారపడి బతికే మనిషి ఆ ఊరి పెద్దతో నిదానంగా ‘అయ్యా, ఇక కొట్టలేను’ అనడంలో ఉన్నంత ధైర్యం, మైకులో అరవడంలో ఉందని నేనెట్లా ఒప్పుకునేది? మన విశ్వాసం మనకు వచ్చింది ఆ మనుషుల మీదుగా. అందుకే అది మన చేతిలో కర్రగా మారితే చూడలేను.

ఈ రోజుల్లో అదను అంటే కరువు కాదు. ఆసుపత్రి మంచం, కూతురి పెళ్లి కుదరకపోవడం, తాగుబోతు భర్త, అప్పులవాళ్లు. అట్లాంటి ఇంటికి వెళ్లవద్దని కాదు, తప్పక వెళ్లండి. వెళ్లినప్పుడు అడిగి, ఒప్పుకుంటేనే ప్రార్థన చేయండి, క్లుప్తంగా చేయండి, ఆ తరువాత పళ్లు కోసి పెట్టడమో, మందుల షాపుకు వెళ్లిరావడమో చేయండి. నమ్మితేనే తగ్గుతుందని చెప్పకండి. షుగరు మాత్రలో, ఆరు నెలల టీబీ మందులో మానేయమని ఎవరైనా పెద్దమనిషి స్టేజీ మీదినుంచి చెబితే, ఆయన మన సంఘంవాడే అయినా లేచి కాదనండి. కొన్ని జబ్బులు మహిమలతో నయమవుతాయని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నుంచే చట్టం నిషేధించింది. చట్టం లేకపోయినా అది పాపమే. సొంతవాళ్లను కాదనడానికి కావలసిన ధైర్యం పరాయివాళ్ల ముందు నిలబడడానికి కావలసినదానికంటే ఎక్కువ, అనుభవంతో చెబుతున్నాను.

దాచకపోవడంలో మనకు నష్టం కలిగించే నిజాలు కూడా వస్తాయి. దళిత కుటుంబంలోని మీ స్నేహితుడు ఒకడు బాప్తిస్మం తీసుకుంటానంటే, దాని పర్యవసానం అతనికి ముందే చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతంలోకి వెళ్లినవారికి ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో వారిని బీసీ-సీ కింద లెక్కిస్తారు, ఆ వర్గానికి ఉన్న రిజర్వేషన్ ఒక్క శాతం. ఎస్సీలకు అట్రాసిటీ చట్టం ఇచ్చే రక్షణ కూడా వర్తించదు. ఆ ఉత్తర్వు న్యాయమా కాదా అన్నది వేరే చర్చ, నా మట్టుకు నాకు అది అన్యాయమే. కానీ ‘సర్టిఫికెట్ సంగతి తరువాత చూసుకుందాంలే’ అని ఒక యువకుణ్ణి నీళ్లలోకి దింపేవాడు, ఆ యువకుడి ఆత్మను ఎంత ప్రేమిస్తున్నాడో నాకు అనుమానం. ఖర్చు లెక్క చూసుకోమని లూకా 14లో ప్రభువే చెప్పాడు.

మీ భయం గురించి. భయపడకండి అని చెప్పి చేతులు దులుపుకోవడం నాకిష్టం లేదు. కొరింథుకు బలహీనతతోనూ భయంతోనూ ఎంతో వణుకుతోనూ వచ్చానని పౌలే రాసుకున్నాడు. ధైర్యంగా మాట్లాడేటట్టు నా కోసం ప్రార్థించండి అని చెరసాల నుంచి ఎఫెసువారిని అడుక్కున్నాడు. ఉన్నవాడైతే అడగడు కదా. మీ విషయంలో ఆ భయం దేనిదో కాస్త విడదీసి చూసుకోండి. ఉద్యోగం పోతుందనా, నవ్వుతారనా, లేక ఆ అక్క మనసు కష్టపడుతుందనా? మూడోదైతే అది పిరికితనం కాదు, దానికి అబద్ధం ఒక్కటే మందు అనుకోవడం దగ్గర పొరపాటు జరిగింది. ఫలితం గురించి ఆరాటం కూడా భయంలో ఒక పాలే. ఒంగోలు ప్రార్థన కొండ మీద 1854 జనవరి 1న మిషనరీ జూయెట్ దంపతులతోపాటు మోకరించినవారిలో నెల్లూరు జూలియా అనే తెలుగు స్త్రీ కూడా ఉంది. ఒంగోలులో సంఘం ఏర్పడింది 1867లో, అదీ ఎనిమిది మందితో. ఆ పదమూడేళ్లూ ఆమె లెక్కలు వేసుకుంటూ కూర్చోలేదు.

ఇక ఉండ్రాళ్లు. ప్రసాదం తినాలా వద్దా అన్నది పౌలు మొదటి కొరింథీ పత్రిక 8, 10 అధ్యాయాల్లో చర్చించాడు. మన సంఘాల్లో ఎక్కువమంది తినరు, తినేవారూ ఉన్నారు, ఆ తగవు నేనిక్కడ తీర్చను. మీ మనస్సాక్షి వద్దంటే తినకండి. అయితే మన జిల్లాల్లో పెట్టింది వద్దనడం ఎంత బరువైన పనో మరువకండి. బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, మతంతో పని లేకుండా ఒకరి చేతి రొట్టె ఒకరు తీసుకునే నెల్లూరు ఇది. అంతేకాదు, ఎవరింట ఎవరు తింటారు, ఎవరు తినరు అన్నదాంట్లోనే మన ఊళ్లలో కులం దాక్కుని ఉంది. మీరు వద్దన్నప్పుడు ఆ అక్కకు వినపడింది మతమో, కులమో, తన వంట మీద చిన్నచూపో మీకు తెలియదు. కడుపు బాగాలేదన్న అబద్ధం అందుకే ఆమెకు ఏ జవాబూ ఇవ్వలేదు. పోయిన క్రిస్మస్‌కు మీరు పట్టుకెళ్లిన కేకు ఆమె తిన్నదని మీరే రాశారు.

కాబట్టి ముందు ఆ అబద్ధాన్ని వెనక్కి తీసుకోండి. టీ విరామంలో, పక్కన నలుగురూ లేనప్పుడు, మీ మాటల్లోనే చెప్పండి, నేనైతే ఇట్లా అంటాను: “అక్కా, మొన్న కడుపు బాగలేదన్నది అబద్ధం. నీకు బాధగా ఉంటుందేమోనని అట్టా చెప్పినా. నేను యేసయ్యను నమ్ముకున్నోణ్ణి, పూజలో పెట్టింది తినకూడదని నా నియమం. నీ చేతివంటంటే నాకేం పట్టింపు లేదు, ఇంకెప్పుడైనా నువ్వు చేపల పులుసు చేస్తే నాకు గూడా ఒక గిన్నె తీసుకురా.” ఆ తరువాత ఊరుకోండి. ఆమె ఎందుకని అడిగితే, అడిగినంతవరకే చెప్పండి. మీ ఇంట్లో ఎప్పటినుంచి ఈ నమ్మకం అని అడిగితే మీ అమ్మ కథ చెప్పండి, మరి మా దేవుడి సంగతేంది అని అడిగితే, ముందు ఆమెకు ఆ పండగంటే ఎందుకిష్టమో మీరు అడగండి, చెప్పింది పూర్తిగా వినండి. అడగకుండా “సరేలేరా తమ్ముడా” అని గ్లాసు కడుక్కుని లేచిపోతే, మీరూ లేచి శాంపిళ్లు చూసుకోండి.